ఐదు సూదులు, ఒక గది: లింకన్ డీటాక్స్ కేస్ స్టడీ

మత్తు మానుకునేవాళ్లకు చెవిలో సూదులు పెట్టే కేంద్రం ఏ దేశంలో ఉన్నా, దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే దాదాపు ఎప్పుడూ తేలేది ఒకే చోట: న్యూయార్క్ నగరం, సౌత్ బ్రాంక్స్, లింకన్ ఆసుపత్రి. 1970లలో అక్కడ రూపుదిద్దుకున్న ఐదు సూదుల పద్ధతినే ఇప్పుడు నాడా ప్రోటోకాల్ అంటున్నారు. అందుకే ఈ కేసులో ఒక రోగి కథ ఉండదు. ఒక కార్యక్రమం ఎలా పుట్టింది, ఏం చేసింది, అందులో ఇప్పుడు మనం తీసుకోదగ్గదేమిటి, వదిలేయాల్సిందేమిటి అన్నదే ఇక్కడ కేసు. ఒక సంగతి ముందే చెప్పడం మంచిది. ఐదు బిందువులు ఎక్కడున్నాయో ఒక పూటలో నేర్పవచ్చు. ఈ పద్ధతి దెబ్బతిన్న చోట్ల తప్పు చాలావరకు బిందువుది కాదు, గది నడిపిన తీరుది.

నేపథ్యం

ఆ రోజుల్లో లింకన్ ఆసుపత్రిని చుట్టుపక్కల జనం ‘కసాయి కొట్టు’ అనేవాళ్లు. పాడుబడ్డ భవనం, చాలీచాలని సిబ్బంది. పేటలో ఉండేది ఎక్కువగా ప్యూర్టోరికన్లు, నల్లజాతివాళ్లు. హెరాయిన్ వీధివీధికీ పాకింది. 1970 జూలై 14న యంగ్ లార్డ్స్ అనే ప్యూర్టోరికన్ యువజన సంస్థ ఆసుపత్రిలో కొంత భాగాన్ని ఆక్రమించుకుని, మాకూ మనుషులకు చేసినట్టు వైద్యం చేయమని అడిగింది. నవంబర్‌లో మళ్లీ వచ్చారు. ఈసారి బ్లాక్ పాంథర్లు (నల్లజాతి హక్కుల సంస్థవాళ్లు), ఆసుపత్రి కార్మికులు కూడా కలిశారు. మత్తు మాన్పించే కేంద్రం పెట్టేదాకా కదలమని నర్సుల నివాస భవనంలో బైఠాయించారు. లింకన్ డీటాక్స్ అలా మొదలైంది.

మొదట్లో అక్కడ సూదుల ఊసే లేదు. హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మందు మెథడోన్. దాని మోతాదును రోజురోజుకూ తగ్గిస్తూ పది రోజుల్లో ఆపేసేవాళ్లు. పక్కనే రాజకీయ పాఠాలు నడిచేవి. సలహాదారుల్లో చాలామంది ఒకప్పుడు తామే హెరాయిన్ వాడినవాళ్లు. ఒక మత్తు తీసేసి ప్రభుత్వం ఇంకో మత్తు అంటగడుతోందని వాళ్లకు మెథడోన్ మీదే అనుమానం. ఆ అనుమానంతోనే మందు లేని దారి కోసం వెతికారు.

ఆ దారి హాంకాంగ్ నుంచి వచ్చింది. క్వాంగ్ వా ఆసుపత్రిలో న్యూరోసర్జన్ హెచ్.ఎల్. వెన్, 1972లో, ఆపరేషన్‌కు ముందు నొప్పి తెలియకుండా సూదులకు కరెంటు ఇచ్చి చూస్తున్నారు. ఆ రోగుల్లో ఒకరికి నల్లమందు అలవాటు ఉంది. సూదులు పెట్టాక తన విత్‌డ్రాయల్ బాధలు (మత్తు ఆగితే ఒంటికి వచ్చేవి) తగ్గాయని ఆ రోగే చెప్పాడు. వెన్ దాన్ని పట్టుకుని హెరాయిన్, నల్లమందు వాడేవాళ్లు 40 మంది మీద ప్రయత్నించి, 1973లో ప్రచురించారు. ఆ వార్త లింకన్‌కు చేరింది.

లింకన్‌లోనూ మొదట వెన్ చేసినట్టే చెవిలోని లంగ్ బిందువులో సూది పెట్టి, దానికి తీగ తగిలించి కరెంటు ఇచ్చారు. కొంతకాలానికి యంత్రం పక్కన పెట్టేశారు. ఉత్త సూదితోనే పని జరుగుతోందని, పైగా ఫలితం ఎక్కువసేపు నిలుస్తోందని వాళ్లకు అనిపించింది. తర్వాత షెన్ మెన్ అనే బిందువు చేరింది, ఆ తర్వాత మిగతావి, చివరికి ఐదు దగ్గర ఆగింది. పద్ధతి ఇంతగా వ్యాపించడానికి యంత్రం పోవడమే పెద్ద కారణమని నా లెక్క. తీగలుంటే ఒక్కొక్కరికి ఒక్కో మంచం, ఒక్కో యంత్రం కావాలి. తీగలు పోయాక కుర్చీలు చాలు, పదిహేను మందిని ఒకే గదిలో కూర్చోబెట్టవచ్చు.

1978 నవంబర్‌లో మేయర్ ఎడ్ కోచ్ హయాంలో పోలీసులు వచ్చి పాత సిబ్బందిని ఖాళీ చేయించారు. ఆ బృందంలోని ముతులు షకూర్ (ర్యాపర్ తుపాక్ షకూర్‌కు సవతి తండ్రి) హార్లెమ్‌కు వెళ్లి వేరే సంస్థలో ఆక్యుపంక్చర్ కొనసాగించారు. లింకన్ కార్యక్రమం రాజకీయం వదిలేసి, మానసిక వైద్యుడు మైకేల్ స్మిత్ చేతుల్లో సాగింది. 1985లో ఆయన, మరికొందరు కలిసి నేషనల్ ఆక్యుపంక్చర్ డీటాక్సిఫికేషన్ అసోసియేషన్ పెట్టారు. దాని పొట్టి పేరే నాడా. 80లలో క్రాక్ కొకైన్ వచ్చి పడింది. హెరాయిన్‌కు మెథడోన్ ఉన్నట్టు కొకైన్‌కు మందేమీ లేదు. వేరే దిక్కు లేని ఆ సమయంలోనే లింకన్ పేరు మారుమోగింది. 1989లో మయామిలో మొదలైన డ్రగ్ కోర్టు (మత్తు కేసుల్లో జైలుకు బదులు చికిత్సకు పంపే కోర్టు) కూడా చికిత్సలో భాగంగా చెవి సూదులు పెట్టింది.

చెవిలో ఆ ఐదు చోట్లు

అద్దంలో చెవిని పక్క నుంచి చూడండి. బయటి అంచు ఒక మడత. దాని లోపల, దానికి సమాంతరంగా ఇంకో గట్టు ఉంటుంది. ఆ లోపలి గట్టు పైకి పోయి రెండు కొమ్మలుగా చీలుతుంది. కొమ్మల మధ్య మూడు మూలల చిన్న గుంట కనిపిస్తుంది. గట్టుకు కింద, చెవి రంధ్రానికి వెనక పెద్ద దొప్ప. బయటి అంచు మొదలయ్యే చోట ఒక మెత్తని గీత ఆ దొప్పలోకి చొచ్చుకొచ్చి దాన్ని పై సగం, కింది సగంగా విడదీస్తుంది. ఈ గుర్తులు పట్టుకుంటే ఏ చెవిలోనైనా దారి తప్పదు. చార్టులో మిల్లీమీటర్లు కొలిచి గుచ్చేవాళ్లే తప్పుతారు, ఎందుకంటే ఏ ఇద్దరి చెవులూ ఒక్కలా ఉండవు.

షెన్ మెన్ మూడు మూలల గుంటలో, రెండు కొమ్మలూ చీలే చోటికి దగ్గరగా, కాస్త పై కొమ్మ వైపు ఉంటుంది. చాలామంది దీనితోనే మొదలుపెడతారు. నొప్పి తక్కువ, మనిషి త్వరగా కుదుటపడతాడు. సింపథెటిక్ అంత సులువు కాదు. కింది కొమ్మ ముందుకు వచ్చి బయటి అంచు మడత కిందికి దూరిపోయే చోట, మడత లోపలి వైపు దాక్కుని ఉంటుంది. మడతను వేలితో కాస్త పైకెత్తితే తప్ప కనబడదు. ఐదింటిలో ఎక్కువ చురుక్కుమనేది ఇదే, జారి పడిపోయేదీ ఎక్కువగా ఇదే. కొత్తగా వచ్చినవారికి దీన్ని చివరికి ఉంచండి. మొదటి సూదికే ‘అమ్మో’ అన్నవాడు మిగతా నాలుగూ పెట్టనివ్వడు.

కిడ్నీ పై దొప్పలో, కొమ్మలు చీలే చోటికి సరిగ్గా కింద ఉంటుంది. లివర్ అదే పై దొప్పలో వెనక వైపు, కింది మూలన, గట్టు గోడకు ఆనుకుని ఉంటుంది. లంగ్ కింది దొప్పలో. ఆ దొప్ప నడిమి లోతు గుండె బిందువుదని చెప్తారు, దానికి పైన గానీ కింద గానీ పెట్టేది లంగ్. చైనా వైద్యం లెక్కలో కిడ్నీకి భయంతోనూ, లివర్‌కు కోపంతోనూ, లంగ్‌కు దుఃఖంతోనూ సంబంధం. ఈ పేర్లు ఆ శాస్త్రం పెట్టుకున్నవి. చెవిలో లివర్ బిందువు గుచ్చితే పాడైన కాలేయం బాగవుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. తాగుడుతో వచ్చినవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, తేల్చి చెప్పాలి.

శరీర శాస్త్రం వైపు నుంచి చూస్తే, వేగస్ నరం (మెదడు నుంచి గుండె, కడుపు దాకా పోయేది) చర్మంలోకి పంపే ఒకే ఒక్క కొమ్మ చెవికే వస్తుంది. ముఖ్యంగా పై దొప్ప దాని ఇలాకా. కిడ్నీ, లివర్ రెండూ అక్కడే పడతాయి. గుండె వేగం తగ్గడం, ఒళ్లు వదులు కావడం, కళ్లు మూతపడటం అందువల్లే కావచ్చని అనుకుంటున్నారు. ఇది ఊహ స్థాయిలోనే ఉంది.

ఒక సిట్టింగ్

సూది మందం 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు, పొడవు 13 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. స్టెరైల్ ప్యాకెట్‌లో వస్తుంది, ఒకసారి వాడి పారేయాలి. చెవికి ఐదు చొప్పున మనిషికి పది. పొడవు సూదులు కొని ‘సర్దుకుందాం’ అనుకుంటే బరువుకు వంగి రాలిపోతాయి.

రాగానే ఏమైనా తిన్నారా అని అడగాలి. మానేసిన మొదటి రోజుల్లో తిండి సహించదు. ఖాళీ కడుపుతో కూర్చోబెడితే కళ్లు తిరుగుతాయి. రెండు బిస్కెట్లు, తీపి టీ సరిపోతాయి. చివరిసారి ఏం తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా, గుండెలో కృత్రిమ కవాటం ఉందా, చెవి మీద పుండ్లున్నాయా అన్న ప్రశ్నలు చాలు. జీవిత చరిత్ర అడగవద్దు. లింకన్ పద్ధతి బలం అక్కడే ఉంది. మొదటి రోజే, ఫారాలు, ఇంటర్వ్యూలు లేకుండా, నోరు విప్పనక్కర్లేకుండా చికిత్స మొదలవుతుంది. విత్‌డ్రాయల్‌లో ఉన్నవాడు మాట్లాడే స్థితిలో ఉండడు. మాట్లాడించబోతే అబద్ధం చెప్తాడు, లేదా లేచి వెళ్లిపోతాడు.

కుర్చీలు గుండ్రంగానో గోడ వెంబడో వేయాలి. ఎవరి వీపూ తలుపు వైపు ఉండకూడదు. వీపుకూ తలకూ ఆనుడు ఉన్న కుర్చీ కావాలి, నిద్రపోతే తల వాలి చెవి భుజానికి తగిలితే సూదులు లోపలికి దిగుతాయి. వెలుతురు తగ్గించండి గానీ చీకటి చేయకండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టించండి. సంగీతం పెడితే మాటలు లేనిది పెట్టండి. పాట వినపడగానే ఎవరో ఒకరికి బార్ గుర్తొస్తుంది.

చెవిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడిచి, ఆరనివ్వాలి. తడి ఆరకముందే గుచ్చితే భగ్గుమంటుంది, దాన్ని రోగి సూది నొప్పి అనుకుంటాడు. తాగుడు మానుతున్నవారిలో కొందరికి ఆ స్పిరిట్ వాసనే నోరూరిస్తుంది. అలాంటివారికి, డైసల్ఫిరామ్ (తాగితే ఒళ్లు తిప్పేలా చేసే మందు) వాడుతున్నవారికి పోవిడోన్ అయోడిన్ మేలు. దూది ముంచి నీళ్లు కారేలా తుడవకండి, చెవి రంధ్రంలోకి పోకూడదు.

బొటనవేలు, చూపుడువేలు మధ్య సూది పట్టుకుని, రెండో చేత్తో చెవిని వెనక నుంచి ఆనించి, నిటారుగా, చిన్న మెలికతో ఒక్కసారిగా దించాలి. మెల్లమెల్లగా నెట్టడమే నొప్పికి అసలు కారణం. లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. సూది తనంతట తాను నిలబడితే చాలు, మృదులాస్థిని అటు నుంచి ఇటు పొడవకూడదు. చైనా పద్ధతిలో వెతికే ఆ ప్రత్యేకమైన లాగుడు స్పర్శ కోసం ఇక్కడ తిప్పక్కర్లేదు. చేయి తిరిగినవారికి ఒక మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. ఎన్ని పెట్టారో అప్పుడే కాగితం మీద రాయాలి. పదికి బదులు తొమ్మిది పెట్టినా తప్పు లేదు, రాయకపోవడం తప్పు.

ఆ తర్వాత 30 నుంచి 45 నిమిషాలు నిశ్శబ్దం. మొదటి పది నిమిషాలు కాళ్లు ఊపుతూ, గడియారం చూస్తూ ఉంటారు. పదిహేనో నిమిషం దగ్గర గదిలో ఊపిరి శబ్దం మారుతుంది. భుజాలు దిగుతాయి, ఒకరిద్దరు గురక పెడతారు. ఒకరు లేచి వెళ్లిపోతానంటే సూదులు తీసి పంపేయండి, బతిమాలవద్దు. పది నిమిషాలు కూర్చున్నవాడు రేపు పావుగంట కూర్చుంటాడు.

తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, ఒక చేత పొడి దూది, ఒక చేత సూది. తీయగానే అరనిమిషం నొక్కాలి. చెవిలో రక్తనాళాలు ఎక్కువ, బొట్టు రావడం మామూలే. లెక్క సరిపోవాలి. సరిపోకపోతే జుట్టులో, కాలర్‌లో, కుర్చీ మడతలో, నేల మీద వెతకాలి. దొరికేదాకా ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు. ఇంజెక్షన్‌తో మత్తు తీసుకున్నవాళ్లలో హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ఎక్కువ. నేల మీద పడ్డ ఒక్క సూది చాలు.

లింకన్‌లో దీనికి తోడు ఒక టీ కూడా ఇచ్చేవాళ్లు: చామంతి జాతి క్యామొమైల్, పెప్పర్‌మింట్, యారో, స్కల్‌క్యాప్, హాప్స్, క్యాట్‌నిప్. నిద్ర కోసం రాత్రిపూట తాగేది. (బీరుకు చేదు తెచ్చేది కూడా ఆ హాప్స్ పువ్వే.) తరచూ మూత్ర పరీక్ష, పక్కనే కౌన్సెలర్, ఒకప్పుడు మత్తు వదిలినవాళ్ల తోడు ఉండేవి. మళ్లీ వాడి వచ్చినా తలుపు మూసేవాళ్లు కాదు. మొదటి వారం పది రోజులు రోజూ, తర్వాత వారానికి మూడుసార్లు, ఆ తర్వాత అవసరాన్ని బట్టి రావడం వాడుకగా స్థిరపడింది.

చెడేది ఎక్కడ

కళ్లు తిరిగి, చెమట పట్టి, మొహం పాలిపోతే వెంటనే సూదులన్నీ తీసి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టాలి. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అది సూది వల్ల వచ్చింది కాకపోవచ్చు, చక్కెర, బీపీ చూడాలి.

చెవి ఎర్రబడి, వేడెక్కి, రెండో రోజుకు వాచి నొప్పి పెడితే మృదులాస్థి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకిందేమోనని చూడాలి. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, మందు త్వరగా చేరదు, ఆలస్యమైతే చెవి ఆకారమే పోతుంది. వెంటనే ఈ.ఎన్.టి. డాక్టర్ దగ్గరికి పంపాలి. ఈ ముప్పు ఎక్కువగా రోజుల తరబడి చెవిలో వదిలేసే చిన్న మేకు సూదులతోనే వస్తుంది. ఐదు సూదుల పద్ధతిలో ఏ సూదీ ఇంటికి వెళ్లదు. ఇంటికి పంపాలనుకుంటే ప్లాస్టర్ మీద అంటించిన గింజ వాడతారు. అది వాక్కారియా అనే మొక్క గింజ, ఆవగింజ కన్నా కాస్త పెద్దది. షెన్ మెన్ మీదో, దానికి సరిగ్గా చెవి వెనకో అంటించి, యావ పుట్టినప్పుడు వేలితో నొక్కుకోమంటారు. మూడు నాలుగు రోజులకు తీసేయాలి, చెమటకు చర్మం పుండు పడుతుంది.

చెవి కుట్టిన చోట గడ్డలా మచ్చ కట్టే తత్వం ఉంటే, అంటే కిలాయిడ్ వచ్చేవారికి, గింజలే వాడండి.

ఇవన్నీ చిన్న సమస్యలు. పెద్దవి వేరే. ఒకటి, సూదుల గదిలోనే కౌన్సెలింగ్ మొదలుపెట్టడం. రెండు, ‘ఇవాళ వాడావా?’ అని గుమ్మం దగ్గరే నిలదీయడం. మూడు, తూలుతూ వచ్చినవాణ్ని సూదులు పెట్టి ఒంటరిగా వదలడం. నిలబడలేని స్థితిలో ఉన్నవాడికి కావాల్సింది నిఘా, సూది కాదు. నాలుగు, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: సూదులున్నాయి కదా అని మందులు ఆపేయడం.

ఈ నాలుగో విషయంలో లింకన్‌ను అనుకరించకూడదు. మెథడోన్ మీద వాళ్లకున్న అనుమానం ఆ కాలానికి, ఆ పేటకు అర్థమవుతుంది. ఇవాళ మెథడోన్, అలాంటి పనికే వాడే బుప్రెనార్ఫిన్ ప్రాణాలు నిలబెడతాయని తేలిపోయింది. వాటిని ఆపినవాడికి ఒంటి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. సూదులు వాటి పక్కన కూర్చోవాలి గానీ వాటి కుర్చీలో కాదు.

ఆఘాతం ఉన్నవారితో

వ్యసనం వెనక దెబ్బలు, అత్యాచారం, యుద్ధం, చావులు చూసినవాళ్లు చాలామంది ఉంటారు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మన్‌హటన్‌లోని సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో ఇదే ఐదు సూదులు పెట్టారు. 2005లో కత్రీనా తుఫాను తర్వాత న్యూ ఓర్లీన్స్‌లో చేసిన సేవతోనే ‘ఆక్యుపంక్చరిస్ట్స్ వితవుట్ బోర్డర్స్’ సంస్థ పుట్టింది. జరిగింది నోటితో చెప్పక్కర్లేదు అన్న ఒక్క గుణమే ఈ పద్ధతిని అక్కడికి తీసుకెళ్లింది.

అయితే చెవి ముట్టుకోవడమంటే మెడ దగ్గరికి చేయి పోవడమే. గొంతు పిసకబడినవారికి ఆ చేయి ఎలా ఉంటుందో ఊహించండి. వెనక నుంచి వెళ్లకండి. ఎదురుగా నిలబడి, ‘ఇప్పుడు కుడి చెవి తుడుస్తానండీ’ అని చెప్పి, ఊ అన్నాకే ముట్టుకోవాలి. ప్రతి సూదికీ అడగాలి. ఒక్క సూదితో ఆపమంటే ఆపాలి. అసలు వద్దంటే గింజ ఇవ్వండి, తామే అంటించుకుంటారు. ఆడవాళ్లకు వేరే సమయం కేటాయించడం మంచిది. కళ్లు మూసుకోమని ఎవరికీ చెప్పకండి. కొందరికి కళ్లు మూస్తే ఆ దృశ్యమే కనబడుతుంది. ఒకరు కదలకుండా, రెప్ప వేయకుండా, పిలిస్తే పలకకుండా ఉంటే అది ప్రశాంతత కాదు, మనసు అక్కడి నుంచి తప్పుకోవడం. మెల్లగా పేరుతో పిలిచి, పాదాలు నేలకు ఆనించమని, గదిలో కనిపించే మూడు వస్తువులు చెప్పమని అడిగి, సూదులు తీసేయాలి.

అమెరికా సైన్యంలో వాడే ‘బాటిల్‌ఫీల్డ్ ఆక్యుపంక్చర్’ కూడా చెవిలో ఐదు చోట్లే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. అది 2001లో రిచర్డ్ నీమ్‌ట్జో నొప్పి కోసం రూపొందించింది. బిందువులు వేరు (షెన్ మెన్ ఒక్కటే ఉమ్మడి), సూదులు వేరు, వాటిని చెవిలోనే రోజుల తరబడి వదిలేస్తారు.

పరీక్షలకు నిలబడిందా

1989లో లాన్సెట్ పత్రికలో బుల్లక్ బృందం ఒక అధ్యయనం వేసింది. పదేపదే తాగుడుకు వెనక్కి వెళ్లే తీవ్రమైన రోగులు 80 మంది. సగం మందికి సరైన బిందువుల్లో, సగం మందికి చెవిలోనే పక్క చోట్ల సూదులు. చికిత్స పూర్తిచేసినవాళ్లు మొదటి గుంపులో 40కి 21, రెండో గుంపులో 40కి ఒక్కరు. ఈ అంకె చూసే చాలా ఊళ్లలో కేంద్రాలు తెరిచారు. అదే బుల్లక్ 2002లో 503 మందితో మళ్లీ చేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కొకైన్ కథ కూడా ఇలాగే నడిచింది. 2000లో ఎవాంట్స్, మార్గోలిన్ బృందం మెథడోన్ మీదున్న 82 మందిని చూసింది. చికిత్స పూర్తిచేసినవాళ్లలో, చివరి వారంలో మూత్రంలో కొకైన్ లేనివాళ్లు సూదుల గుంపులో 53.8 శాతం, తప్పు చోట్ల సూదులు పెట్టిన గుంపులో 23.5, విశ్రాంతి వీడియో గుంపులో 9.1. రెండేళ్లకు, 2002లో, మార్గోలిన్ 620 మందితో ఆరు కేంద్రాల్లో అదే పోలిక మళ్లీ పెట్టి జామా పత్రికలో ప్రచురించారు. మూడు గుంపుల్లోనూ కొకైన్ తగ్గింది, గుంపుల మధ్య తేడా లేదు. ఎనిమిది వారాలూ నిలిచినవాళ్లు మూడింటిలోనూ 44 నుంచి 46 శాతం. కౌన్సెలింగ్‌కు ఎవరూ సరిగా రాలేదు. 2006లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే సంస్థ) సమీక్ష ఏడు అధ్యయనాలు, 1433 మందిని కలిపి చూసి కొకైన్‌కు చెవి సూదులు పనిచేస్తాయనడానికి ఆధారం లేదంది.

పీ.టీ.ఎస్.డీ. (ఘోరమైన ఆఘాతం తర్వాత వెంటాడే మానసిక సమస్య) మీద 2007లో హోలీఫీల్డ్ బృందం 84 మందితో చేసిన అధ్యయనం కాస్త ఆశ కలిగించింది. ఆక్యుపంక్చర్ గుంపు, గ్రూప్ కౌన్సెలింగ్ గుంపు దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి. కానీ అది ఒళ్లంతా చేసే, మనిషిని బట్టి మారే ఆక్యుపంక్చర్. దాన్ని తెచ్చి ఐదు సూదుల ఖాతాలో వేయడం తగదు.

ఆక్యుపంక్చర్ చేసేవాళ్లు ఈ ఫలితాలకు సాకులు వెతుకుతారు: పక్క చోట గుచ్చినా నరం కదులుతుంది కాబట్టి అది ఉత్తుత్తి సూది కాదని, లింకన్ వాతావరణం లేకుండా చేశారని. రెండో మాటలో కొంత నిజముంది, కానీ అది సూదికి కాదు, గదికి అనుకూలమైన సాక్ష్యం. కుర్చీలో ముప్పావుగంట నిశ్శబ్దంగా కూర్చోవడం, ఎవరూ నిలదీయకపోవడం, రేపు మళ్లీ రమ్మనడం వీడియో గుంపులోనూ జరిగాయి. అక్కడా వాడకం తగ్గింది. రోగికి ‘సూది కోరికను చంపుతుంది’ అని చెప్పే హక్కు ఈ అంకెలు ఇవ్వవు. ‘కాసేపు ఒళ్లు నిమ్మళిస్తుంది, రాత్రి నిద్ర పట్టవచ్చు, ఇక్కడికి రావడం తేలికవుతుంది’ అని చెప్పవచ్చు.

తెలుగు నేల మీద వాడేవారికి

సౌత్ బ్రాంక్స్ హెరాయిన్‌కు, తెలంగాణ కల్తీ కల్లుకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. హెరాయిన్ విత్‌డ్రాయల్ నరకంలా ఉంటుంది గానీ ఒక్కటిగా సాధారణంగా ప్రాణం తీయదు. మద్యం, కల్లులో కలిపే మత్తు మందులైన ఆల్ప్రాజోలాం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ హఠాత్తుగా ఆగితే తీయవచ్చు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనూ వణుకు, వింత ప్రవర్తన, ఫిట్స్‌తో జనం బారులు తీరారు. వాళ్లలో చాలామందికి తాము తాగేది ఉత్త కల్లు కాదని తెలియదు. ‘కల్లే కదా’ అన్న మాట విని సూదులు పెట్టి ఇంటికి పంపితే, ఆ రాత్రే ఫిట్స్ రావచ్చు.

అందుకని వడపోత ముందు, సూది తర్వాత. మద్యం ఆగిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ (వణుకుతో మతి తప్పే ప్రమాదకర స్థితి) వచ్చే అవకాశం ఎక్కువ. ఆల్ప్రాజోలాం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలుకావచ్చు. చేతులు చాపితే వణకడం, చెమట, నాడి వేగం, లేనివి కనబడటం, ఇదివరకు ఫిట్స్ వచ్చిన చరిత్ర, వీటిలో ఏది ఉన్నా డాక్టర్ ఉన్న డీ-అడిక్షన్ వార్డుకే పంపాలి. అక్కడ బెంజోడయాజిపైన్ (డైజిపాం లాంటి మందు) మోతాదు కట్టి మెల్లగా తగ్గిస్తారు, థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇస్తారు. గ్లూకోజ్ పెట్టేముందు థయామిన్ పడాలన్నది కూడా ఆ వార్డువాళ్లు చూసుకునే సంగతే. ఆ అయిదారు రోజులు దాటి ఒళ్లు స్థిమితపడ్డాక, నిద్ర పట్టక, చిరాకుతో, ఇంట్లో కూర్చోలేక సతమతమయ్యే వారాల్లో ఐదు సూదులకు పని ఉంది. డాక్టర్ ఒప్పుకుంటే వార్డులోనే, మందులతో పాటుగా మొదలుపెట్టవచ్చు.

రికార్డులో ఏం రాయాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తేదీ, పెట్టిన సూదులు, తీసిన సూదులు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, వాడుతున్న మందులు, క్రితం రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, యావ సున్నా నుంచి పది వరకు ఎంత (కూర్చునే ముందు, లేచాక), మూత్ర పరీక్ష ఫలితం. ‘ప్రశాంతంగా ఉన్నారు’ అనే వాక్యం రాయకండి, దానితో ఎవరికీ ఉపయోగం లేదు. నెల తిరిగేసరికి చూడాల్సినవి రెండు: పిలిచిన రోజుల్లో ఎన్ని రోజులు వచ్చారు, మందులు, కౌన్సెలింగ్ కొనసాగుతున్నాయా. యావ అంకె తగ్గి రాకడ కూడా తగ్గితే సంతోషపడకండి, ఫోన్ చేయండి. నాలుగు వారాల తర్వాత కూడా ఈ రెండూ మెరుగుపడకపోతే, ఆ మనిషికి సూదులు ఆపి ఇంకోదారి చూడాలి.